గయ్యాళి నోరు

రెండొందల మూడు, సున్నా, నూట పదమూడు, డెబ్భై ఆరు. మళ్లీ మొదటికి. రెండొందల మూడు, సున్నా. బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందన్న సంబరం తీరకముందే చెవిలో జోరీగలా దూరింది, ఇక వదలదు. పొమ్మంటే పోదు. పాటా కాదు, పద్యమూ కాదు, వట్టి అంకెలు. మధ్యాహ్నం అతను తన చేతులతో తనే మెడపట్టి బయటికి గెంటేసిన ఒక అడ్రసు. గెంటించుకున్నది గుట్టుచప్పుడు కాకుండా పోవాలా? అబ్బే, వచ్చి బుర్రలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నిద్రలేక ఇలా ఉందిలే అనుకున్నాడు. నిన్న పొద్దున ఆఫీసుకి వెళ్లినవాడు ఇప్పుడు, ఈ సాయంత్రం, ఇంటిదారి పట్టాడు. మధ్యలో కన్ను మూసింది కుర్చీలోనే, అదీ కునుకు. బస్సు వంతెన మధ్యకి వచ్చి ఆగిపోయింది. ముందు బళ్లు, వెనక బళ్లు, పైన వాన. పక్క సీటాయన తడిసిన గొడుగుని సరిగ్గా ఇతని బూటు మీద ఆనించి హాయిగా గుర్రు పెడుతున్నాడు. నీళ్లు బూటులోకి దిగుతున్నాయి. తీయండి అనడానికి కూడా నోరు రాలేదు. కిటికీ అద్దం చేత్తో తుడిచి కిందికి చూడకూడదు అనుకుంటూనే చూశాడు. ఏరు ఏరులా లేదు. మట్టిరంగు తిరిగి, ఎక్కడివో చెట్లకొమ్మలు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము, ఎవరింటిదో తలుపు, అన్నీ మోసుకుంటూ తొందర పనున్నట్టు పోతోంది. ఆ తలుపు ఎవరిదో పాపం. రెండొందల మూడు, సున్నా.

పేజీ మాత్రం బాగానే ఉంది, ఆ విషయంలో అతనికి దిగుల్లేదు. నీటిశాఖలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం, పైన ఆనకట్ట దగ్గర నీటిమట్టం ఎంతుందో ఊరందరికీ చూపించే పేజీ అతని చేతిలోది. ఎండాకాలంలో దాని మొహం చూసేవాడుండడు, నాలుగు చినుకులు పడితే చాలు లోకమంతా దాని మీదే పడుతుంది. ఇవాళ మధ్యాహ్నానికి అది మూలుగుతూ మూలుగుతూ చతికిలబడే స్థితికి వచ్చింది. టీవీల వాళ్లు ఫోన్లు, పై ఆఫీసు నుంచి ఫోన్లు, పెద్దసారు వచ్చి వెనక నిలబడి, ఏమయ్యా, పుట్టి ముంచుతావా ఏమిటి, అని ఒకటే సాధింపు. వెనక ఎవరైనా నిలబడితే అతనికి చేతులు ఆడవు. వచ్చేపోయేవాళ్ల చిట్టా గబగబా తిరగేశాడు. వేలమంది ఒకటి రెండుసార్లు వచ్చి చూసి పోతున్నారు, మర్యాదస్తులు. ఒక్కటి మాత్రం అలా కాదు. ఒకే అడ్రసు, అంటే ఇంటర్నెట్‌లో ఒకే మెషీను నంబరు. తానెవరో పేరు చెప్పదు, ఏ బ్రౌజరో చెప్పదు, వస్తుంది, అడుగుతుంది, జవాబు అందేలోపే మళ్లీ వస్తుంది, మళ్లీ అడుగుతుంది. తెర నిండా అదే, కింది నుంచి పైదాకా అదే. ఇదిగో సార్ దొంగ దొరికింది, అన్నాడు. ఎవడో పనిలేని వెధవ మన మీద ప్రయోగాలు చేస్తున్నాడు, అన్నాడు. ఫైర్‌వాల్‌లో ఒక్క లైను రాశాడు, ఆ అడ్రసు నుంచి ఏదొచ్చినా లోపలికి రానివ్వకు అని. అందులో రెండు పద్ధతులున్నాయి. కాదు పొమ్మని మొహం మీద చెప్పడం ఒకటి, అసలు ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకోవడం ఇంకొకటి. కాదంటే కనీసం అవతలివాడికి తెలుస్తుంది. ఊరుకుంటే తలుపు కొడుతూనే ఉంటాడు, లోపల మనిషున్నాడో లేడో కూడా తెలియదు. అతను రెండోదే రాశాడు. అనుభవించనీ వెధవని. కాసేపటికి పేజీ తేలికపడింది, పెద్దసారు భుజం తట్టి, శభాష్, నువ్విక ఇంటికెళ్లి పడుకో, నీ వంతు చేశావు, అన్నాడు. ఆ మాటకి ఒళ్లంతా చల్లబడి హాయిగా బ్యాగు సర్దుకున్నాడు. హాయిగా. అలాంటప్పుడు ఈ గుబులెందుకు? పొయ్యి ఆర్పకుండా వచ్చినట్టు, తాళం వెయ్యకుండా వచ్చినట్టు, ఏమిటిది?

ఫోను తీశాడు. అక్క దగ్గర్నుంచి మిస్సుడు కాల్స్. తొమ్మిదో పదో. అక్కయ్యంటే అంతే, ఫోను చేస్తుంది, ఎత్తకపోతే వెంటనే మళ్లీ చేస్తుంది, పాపం పనిలో ఉన్నాడేమో అన్న ఆలోచన ఆవిడ వంశంలోనే లేదు. వంశం అంటే తనదీ అదే కదా. తిన్నావా అని ఒకసారి, ఏం తిన్నావు అని ఇంకోసారి. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆవిడే, స్కూలు గేటు దగ్గర చెయ్యి పట్టుకుని, ఎవడైనా ఒక్క మాటంటే ఆ చెయ్యి వదిలి కొంగు బిగించేది. ఆ నోటికి జడిసి ఇతని జోలికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ నోరే ఇప్పుడు ఫోనులో వినాలంటే బద్ధకం. మధ్యాహ్నం ఆవిడ పేరు వెలిగినప్పుడల్లా ఫోను బోర్లా తిప్పి పెట్టాడు. బావకి కాలు విరిగి తొడదాకా కట్టు, మంచం మీద ఉన్నాడు, ఏ కట్టు గొడవో అయ్యుంటుంది. లేకపోతే వాన గొడవ. దిగువ వీధిలో ఇల్లు, ఏటి పక్కన, కింది వాటా. వాన పడితే భయమే కదా మరి, అందుకని నిమిషానికోసారి అడుగుతుంది. భయపడ్డవాడు అలాగే అడుగుతాడు. జవాబు రాకపోతే ఇంకా ఎక్కువ అడుగుతాడు. ఈ మాట ఎవరన్నారు? భయపడ్డవాడు అడిగినట్టు అడగాలి ఇది, అని ఎవరో అన్నారు. ఎండలో. నిచ్చెన కింద అతను, నిచ్చెన పైన ఎవరో. రెండొందల మూడు, సున్నా, నూట పదమూడు.

అంకెలు తెలుగులో వినిపిస్తున్నాయి.

అవును, తెలుగులో. అప్పుడే తట్టింది అతనికి. ఆఫీసులో అడ్రసుల్ని తెలుగులో చదివేవాళ్లెవరూ లేరు. తను చదవడు, పెద్దసారు చదవడు, ఎవరూ చదవరు, టూ నాట్ త్రీ అంటారు, జీరో అంటారు. మధ్యాహ్నం కూడా నోటితో ఇంగ్లీషులోనే చదివి ఇంగ్లీషులోనే కొట్టాడు. మరి బుర్రలో తెలుగులో పాడుతున్నదెవరు? గొంతు అతనిది కాదు. ఆడగొంతు. డెబ్భై ఆరు అన్నచోట కాస్త దీర్ఘం తీసే గొంతు. అడ్రసులమ్మ. ఆఫీసంతా చాటుగా అలా పిలిచేవాళ్లు, ఎదురుగా మేడమ్ అనేవాళ్లు. ఇతని కన్నా ముందు ఇతని కుర్చీలో కూర్చున్న పెద్ద ఇంజినీరు, పోయినేడు రిటైరైంది. ఏ మెషీను అడ్రసైనా ఎక్కాల్లా నోటికి చెప్పేది, తెలుగులో చెప్పేది, అలా అయితేనే నాకు గుర్తుంటాయయ్యా అనేది. ఇతను కొత్తగా చేరినప్పుడు దిగువ వీధి బడి మేడ మీదికి తీసుకెళ్లి, నిచ్చెన పట్టుకోమని, తనే చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి, సైరన్ పెట్టె బిగించి, మార్కరుతో దాని పొట్ట మీద రాస్తూ పైకి చదివింది. రెండొందల మూడు, సున్నా, నూట పదమూడు, డెబ్భై ఆరు. ఇది దీని అడ్రసు, మారదు, కావాలనే మారకుండా తీసుకున్నాను, నువ్వు మర్చిపోయినా ఇది మారదు. ఈ పెట్టె మన పేజీని అడుగుతూ ఉంటుంది, నీళ్లెంత నీళ్లెంత అని. ఎర్రగీత దాటాయని తెలిసిందా, అరుస్తుంది. అది అరిచిన దగ్గర్నుంచి ఈ వీధికి నీళ్లు రావడానికి అరగంట. జవాబు రాకపోతే తొందరతొందరగా అడుగుతుంది, భయపడ్డవాడు అడిగినట్టు అడగాలి ఇది, అందుకే అలా రాశాను. పేరేం పెడదాం దీనికి? ఇతను నవ్వి, గయ్యాళి అన్నాడు. ఆవిడా నవ్వింది. గయ్యాళే మరి. ఆ పేరే వీధంతా పాకింది.

గయ్యాళి. ఓరి దేవుడోయ్. గయ్యాళి నోరు నొక్కేశాడు.

కాదేమో. వేరే అడ్రసేమో. డెబ్భై ఏడేమో అది, అరవై ఆరేమో, నిద్రలేని బుర్ర, ఏదో ఒకటి పాడుతోందేమో. పాడటంలేదు. పాత సర్వరులో ఆవిడ ఒక చోట కొన్ని అడ్రసులు రాసిపెట్టుకుంది, వీటిని ఎప్పుడూ ఎవరూ ఆపకూడదు అని, అందులో పైన ఉన్నది ఇదే. వానాకాలానికి ముందు కొత్త సర్వరుకి మారినప్పుడు ఇతను అన్నీ మోసుకొచ్చాడు, అది తప్ప. పాత చెత్తంతా ఎందుకులే అనుకున్నాడు. అబ్బ, ఎంత చక్కగా అనుకున్నాడు! అయినా పేజీ మామూలుగా నడుస్తున్నంతకాలం గయ్యాళి బుద్ధిగా నిమిషానికోసారి అడిగి వెళ్లిపోయేది, ఎవరి కంటా పడలేదు. ఇవాళ పేజీ చతికిలబడింది, జవాబు రాలేదు, దానికి భయం పట్టుకుంది, అడిగింది, మళ్లీ అడిగింది, తెర నిండేదాకా అడిగింది, ఇతను దొంగ దొరికింది సార్ అన్నాడు. రిటైరయ్యాక ఆవిడ ఒకసారి ఫోను చేసి గయ్యాళి ఎలా ఉందయ్యా అంటే, బ్రహ్మాండంగా ఉంది మేడమ్ అన్నాడు, దాని ఊసే మర్చిపోయినా. జవాబు లేకపోతే కూడా అరిచేటట్టు మొదట రాసిందావిడ. ఒకసారి నెట్టు పోయి అది పొద్దస్తమానం అరిచింది, దిగువ వీధి వాళ్లు ఆఫీసు మీదికి వచ్చారు, అందరికన్నా గట్టిగా దెబ్బలాడింది ఎవరనుకున్నారు, అక్కయ్యే. దాంతో పెద్దసారు తీయించేశాడు. జవాబు లేకపోతే నోరు మూసుకుని ఉండాలి అని. ఇప్పుడు అది బడి మేడ మీద వానలో నోరు మూసుకుని నిలబడి, అడుగుతోంది, అడుగుతోంది, లోపల మనిషున్నాడో లేడో తెలియక.

ఫోనులో పేజీ తెరిచాడు. చటుక్కున తెరుచుకుంది, ఎంత తేలిగ్గా, ఎంత ముద్దొచ్చేలా తెరుచుకుంది, దాని మొహం మండ. గీత ఎర్రబడి ఉంది. దాటి ఎంతసేపయింది? బస్సు వంతెన ఎక్కకముందే దాటింది. తను సీటు దొరికిందని సంబరపడుతున్నప్పుడు దాటింది. అరగంటలో ముప్పాతిక వంతు అయిపోయింది. మైకులు పెట్టుకుని జీపుల వాళ్లు తిరుగుతున్నారని ఆఫీసులో విన్నాడు, వాళ్లు ఎగువ కాలనీలకి వెళ్లారు, దిగువ వీధికి ఎందుకు, అక్కడ సైరన్ ఉంది కదా అన్నారు. ఉంది కదా. అందరూ దాని మీద భారం వేసి ఊరుకున్నారు. అక్కకి ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఎత్తవే తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను, ఎత్తు. ఎత్తదు. కోపమొచ్చి ఫోను బోర్లా తిప్పి పెట్టిందేమో, పెట్టదు, ఆవిడ తనలాంటిది కాదు. స్టవ్ మీద ఏదో పెట్టి ఉంటుంది. బావకి కాలు కింద దిండు సర్దుతూ ఉంటుంది. లేకపోతే. లేకపోతే అన్న మాట తర్వాత ఏముందో ఆలోచించకుండా సర్వరులోకి ఫోను మీదే దూరబోయాడు. తెర మీద చిన్న చక్రం తిరిగింది, తిరిగింది. జవాబు లేదు. కాదు అని కూడా అనదు. బయటి నుంచి ఎవరూ రాకూడదు, ఆఫీసు లోపలి నుంచే రావాలి అని కట్టుదిట్టం చేసిన మొనగాడెవరు? తనే. దాన్నీ ఉలుకూ పలుకూ లేకుండా ఊరుకునే పద్ధతిలోనే కట్టాడు. దిగి పరిగెడదామా? వంతెన దాటి ఆఫీసు చేరేసరికి అంతా అయిపోతుంది. కండక్టరు అతని మొహం చూసి, ఏం సార్, ఒంట్లో బాలేదా, అన్నాడు. బాగానే ఉందన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

పెద్దసారు ఫోను ఎత్తలేదు, పైవాళ్లతో మీటింగులో ఉండి ఉంటాడు. ఆఫీసులో సాయంత్రం డ్యూటీ ఎవరిది? ఆలోచన రాగానే ఏడుపొచ్చినంత పనైంది. నిదానంగారిది. అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. ఆయన కుర్చీలోంచి లేవాలంటే ముందు లేద్దామా అని ఆలోచిస్తాడు, తర్వాత కళ్లజోడు తుడుస్తాడు, తర్వాత మళ్లీ ఆలోచిస్తాడు. ఒక వేలితో కొడతాడు, ప్రతి అక్షరం కొట్టాక అది సరిగ్గా పడిందో లేదో తెర మీద చూసుకుంటాడు. ఈ భూప్రపంచంలో ఇంకెవరున్నా బావుండేది.

"హలో. ఎవరూ?"

"నేనండీ. సర్వరు ముందు కూర్చోండి, అర్జెంటు. మధ్యాహ్నం నేను రాసిన లైను తీసెయ్యాలి."

"అదా? సారు తెగ మెచ్చుకున్నారుగా దాన్ని. తీయడమెందుకూ, చక్కగా నడుస్తోంది పేజీ."

"నడుస్తోందండీ, కానీ తీసెయ్యాలి. మీకు దణ్ణం పెడతాను."

"సారుకి ఒక మాట చెప్పి తీద్దాంలే. మళ్లీ నా పీకకి చుట్టుకుంటుంది. మీటింగు అయిపోనీ, తొందరేముంది?"

తొందరేముంది. వంతెన కింద మరో తలుపు కొట్టుకుపోతోంది, లేక అదేనా, మొదటిది ఇక్కడే ఎక్కడో చిక్కుకుని తిరుగుతోందా. చెబితే రేపు ఆఫీసంతా చెప్పుకుంటుంది, దొంగ దొరికింది సార్ అన్నవాడి కథ, టీ తాగేటప్పుడల్లా చెప్పుకుంటారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. వేరే ఏదైనా చెబుదామా, పైఆఫీసు నుంచి ఆర్డరు వచ్చిందని, సారే తీయమన్నారని? అబద్ధం చెబితే నిదానంగారు ఆర్డరు కాయితం ఏదంటాడు. ఇంత సొమ్మసిల్లే గాభరాలోనూ పరువు లెక్కలు వేస్తున్న తన బుర్ర మీద తనకే అసహ్యమేసింది.

"అది దొంగ కాదండీ. గయ్యాళిది. దిగువ వీధి సైరన్. నేను చూసుకోకుండా ఆపేశాను. గీత దాటిపోయింది, అది అరవలేదు. మా అక్కావాళ్లు అక్కడే ఉన్నారు."

అవతల కుర్చీ దభాలున వెనక్కి పడ్డ చప్పుడు, చెప్పులు టపటపమంటూ పరిగెత్తిన చప్పుడు. నిదానంగారు పరిగెత్తారు! చెప్పు, చెప్పు, ఏం కొట్టాలి, అంటున్నారు ఆయాసపడుతూ. ఇతను ఒక్కొక్క అక్షరం చెబుతున్నాడు, ఆయన తిరిగి చదువుతున్నారు, అడ్రసు దగ్గరికొచ్చేసరికి ఇతని నోట ఇంగ్లీషు రాలేదు, రెండొందల మూడు, సున్నా, నూట పదమూడు, డెబ్భై ఆరు అన్నాడు, గట్టిగానే అన్నట్టున్నాడు, ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు, పక్కనాయన గుర్రు ఆగింది. ఫోను గరగరమంది. నూట పదమూడా పదిహేడా, అన్నారాయన. పదమూడు, పదమూడు! తప్పు అంకె కొడితే ఎవరిదో తలుపు తెరుచుకుంటుంది, గయ్యాళి అలాగే ఉంటుంది, తెలియను కూడా తెలియదు. ఒకసారి మొత్తం చదవండి. ఆయన చదివారు. కొట్టండి. కొట్టారు. ఇప్పుడు చిట్టాలో చూడండి, అది వస్తోందా? ఏదీ, ఉండు, కళ్లజోడు, ఆఁ, ఏదీ, రాలేదు, రాలేదయ్యా. ఇతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. అడిగీ అడిగీ అలిసిపోయిందా? వానకి తడిసి చచ్చిపోయిందా? విసిగిపోయి ఇక అడగటం మానేసిందా, మనుషులైతే మానేస్తారు, పది సార్లు చేసి ఎత్తకపోతే ఎవరైనా మానేస్తారు. వచ్చింది! అని అరిచారు నిదానంగారు, చిన్నపిల్లాడిలా. వచ్చిందయ్యా, అదే, డెబ్భై ఆరు, వచ్చి అడిగింది, ఇచ్చేశాం జవాబు!

ఆయనకేదో చెబుతూనే పెట్టేశాడు, ఏం చెప్పాడో, థాంక్స్ అన్నాడో లేదో. అక్కకి కలిపాడు. మోగింది. మోగుతూ ఉండగా కిందికి చూశాడు, చూసి కళ్లు మూసుకున్నాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే అక్క నుదుటి మీద చెయ్యి వేసి ఎంతసేపైనా అలాగే ఉండేది, చెయ్యి తీస్తే జ్వరం పెరుగుతుందేమో అని ఆవిడ భయం. నవ్వేవాడు. అలా చెయ్యి తీయకుండా ఉంచే మనిషికి ఒక్క ఫోను ఎత్తి, ఏంటక్కా, అనలేకపోయాడు. అని ఉంటే ఆవిడే అడిగి ఉండేది, గయ్యాళి సంగతేమిట్రా, అని. అప్పుడే గుర్తొచ్చి ఉండేది.

"ఏరా చంటీ, ఇప్పటికి తీరిందా నీకు?"

అక్క గొంతు. బతికే ఉంది, తిడుతోంది. అతనికి కళ్లు చెమర్చాయి.

"అక్కా, ఎందుకెత్తలేదు?"

"బాత్రూంలో నీళ్లు వెనక్కి తంతున్నాయిరా, గుడ్డలు కుక్కుతున్నాను. నేనెత్తలేదా? నేను మధ్యాహ్నం నుంచీ చేస్తే నువ్వెత్తావా? మీ బావని పైకి చేర్చమంటావా ఉండమంటావా అని అడుగుదామని చేశాను. ఈయనేమో, గయ్యాళి అరవలేదుగా, అరిస్తే చూద్దాం, ఊరికే మేడమీద వాళ్లని పిలిచి మోయించడం ఎందుకూ అంటాడు. సరే, మనవాడు ఆఫీసులో ఉన్నాడుగా, వాడు చూసుకుంటాడులే అని నేనూ ఊరుకున్నా."

వాడు చూసుకుంటాడులే. ఆ మాట సూటిగా వచ్చి గుండెలో దిగింది. ఏదో అనబోయాడు, అనేలోపే ఫోనులో ఆవిడ వెనక నుంచి మొదలైంది. ముందు సన్నగా, గొంతు సవరించుకుంటున్నట్టు, తర్వాత లేచి లేచి, చెవులు చిల్లులు పడేలా. గయ్యాళి. అరుస్తోంది. ఎన్నాళ్లు విసుక్కున్నాడో ఆ అరుపుని, అడ్రసులమ్మ ఉన్నప్పుడు నెలనెలా పరీక్షకి మోగిస్తే చెవులు మూసుకునేవాడు, ఇప్పుడు అదే అరుపు చెవిలో పడుతుంటే వానలో మొహం పెట్టినట్టుంది. అరిచెయ్ తల్లీ అరిచెయ్. బస్సులో వాళ్లకి కూడా వినిపిస్తోందేమో, ఫోనుకేసి చూస్తున్నారు. అయిపోయింది, గండం గడిచింది, అనుకున్నాడు. సీటులో వెనక్కి వాలాడు కూడా.

"అదిగో, అరిచింది," అంది అక్క, తీరిగ్గా. "ఇంకేం, అరగంట టైముంది. బావ మందులవీ సర్దుకుని, స్టవ్ కింద గ్యాసు కట్టేసి, మెల్లిగా పైకి చేరతాం. నువ్వేం కంగారు పడకు. తిన్నావా?"

అరగంట టైముంది.

లేదు. అతను లేచి నిలబడిపోయాడు, తల పైరాడ్డుకి కొట్టుకుంది, తెలియలేదు. అరిస్తే అరగంట అని ఆ వీధిలో చంటిపిల్లకి కూడా తెలుసు. బడి పిల్లలకి పాఠంలా చెప్పింది అడ్రసులమ్మ, గయ్యాళి అరిస్తే పరుగులొద్దు, తోపులాటలొద్దు, అరగంట ఉంటుంది, ముసలివాళ్లని ముందు ఎక్కించండి. ఇన్నేళ్లుగా ఆ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. ఇప్పుడు వీధి మొత్తం, ఇంటింటా, సరే అరిచింది, ఇంకా అరగంట ఉంది, అని గోడమీద బట్టలు తీసుకుంటూ, పుస్తకాలు అటక మీద పెడుతూ, ఒకరినొకరు పలకరించుకుంటూ. ఆ అరగంట లేదు. అది అయిపోయిందన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు, ఒకాయన కూలిన కుర్చీ ఎత్తుకుంటూ ఉంటాడు, ఇంకొకడు వంతెన మీద బస్సులో. గయ్యాళి అరిచింది కాబట్టి ఎవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. నిదానంగారు నోరు జారే మనిషి కాదు. అక్కతో, ఊరికే తొందరగా వెళ్లండి అంటే సరిపోదా? సరిపోదు. అక్క అతని మాట వింటుందేమో, వీధి వినదు. వీధి గయ్యాళి మాట వింటుంది.

"అక్కా, అరగంట లేదు."

"అదేంట్రా, అరిచిందిగా ఇప్పుడే."

"ఆలస్యంగా అరిచింది. నేను దాన్ని ఆపేశాను. పొరపాటున, ఎవరో అనుకుని ఆపేశాను. ఎప్పుడో అరవాల్సింది. ఆ అరగంట నేను తినేశానక్కా. ఐదు నిమిషాలున్నాయేమో, అవీ లేవేమో. మందులొద్దు, గ్యాసొద్దు, ముందు బావని ఎత్తించు. తర్వాత వీధిలోకి వెళ్లి చెప్పు. అందరికీ చెప్పు. మా తమ్ముడే ఆపాడని చెప్పు, అలా చెబితే గానీ నమ్మరు."

ఆవిడ ఇక ఫోనులో మాట్లాడలేదు, మేడమెట్ల వైపు తిరిగి ఒక కేక పెట్టింది, రండ్రా అబ్బాయిలూ, పరిగెత్తుకు రండి, బావగారిని ఎత్తండి, అని. ఫోను ఎక్కడో పడేసినట్టుంది. చప్పుళ్లు. మంచం ఈడ్చిన చప్పుడు. బావ మూలుగు, కాలు, కాలు జాగ్రత్త. నీళ్లలో అడుగులు పడ్డ చప్పుడు. నీళ్లలోనే. గుమ్మం దాటి వచ్చేశాయన్నమాట. ఎవరో, ఒరేయ్ పట్టుకో, అన్నారు. మెట్లు. ఒక్కొక్క మెట్టుకీ అతను పళ్లు బిగించాడు, ఇక్కడ బస్సు సీటు కడ్డీ పట్టుకుని, తనే మోస్తున్నట్టు. బస్సు కదిలింది, ఎవరో కూర్చోండి సార్ అన్నారు, కూర్చోలేదు.

"చంటీ." బావ. ఫోను ఆయన చేతికెలా వచ్చిందో, ఒళ్లో పడేసి ఎత్తుకొచ్చారేమో. ఆయాసం. "పైకొచ్చేశాన్రా. కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మన గుమ్మంలోంచి లోపలికి పోతున్నాయి నీళ్లు, చూస్తున్నాను."

"అక్క? అక్క ఏది బావా?"

"వీధిలో ఉంది. మోకాళ్లలోతు నీళ్లలో నడుస్తోంది గోడ పట్టుకుని. ఈ చివరి నుంచి ఆ చివరికి. అందరూ మేడలెక్కుతున్నార్రా, పరిగెడుతున్నారు. ఉండు, ఫోను బయట పెడతాను, విను."

ముందు వాన. వాన మీద సైరన్. సైరన్‌ని తోసుకుంటూ, దాన్ని మించి, స్కూలు గేటు దగ్గర కొంగు బిగించిన ఆ పాత గొంతు, తలుపు తలుపుకీ ఆగి ఆగి వినిపిస్తోంది. అరగంట లేదు! ఎక్కండి పైకి! మా చంటిగాడే దాని నోరు నొక్కాడు, మా వెధవే, మా తమ్ముడే, అరగంట లేదు, లేవండి!

"నిన్ను పేరు పెట్టి తిడుతోంది రా," అన్నాడు బావ, జాలిగా. "వీధంతా వింటోంది. పిలిచి ఊరుకోమననా?"

"వద్దు బావా," అన్నాడతను. "ఇంకా గట్టిగా తిట్టమను."